చించిన ఉత్తరానికి జవాబు

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసి మా పలాసలో ఎదురైన ప్రతివాళ్ళూ చార్మినార్ చూశావా, గోల్కొండ ఎక్కావా అని అడిగారు. రెండూ చూడలేదు. మూడు రోజులూ దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ మధ్యే తిరిగాను. మరెందుకు వెళ్ళావంటే "చిన్న ఇబ్బంది, పనిమీద" అని తప్పించుకున్నాను. ఆ ఇబ్బంది ఎంత చిన్నదో ఇక్కడ రాస్తాను. నన్ను ఎరిగినవాళ్ళు చదివితే నాలుగు తిట్టుకోండి, పడతాను.

ముందు నా సంగతి. జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళుగా గ్రేడింగ్ బల్ల దగ్గర ఉన్నాను. గుండు, బద్ద, ముక్క, నూక అని వేరుచేయడమే నా పని. నా తమ్ముడు దాలినాయుడు ఓడల్లో వంటవాడు. కిందటేడు స్పెయిన్ దేశపు రేవు పట్టణంలో జబ్బుపడితే, ఓడ వాణ్ణి ఆసుపత్రిలో దించి తన దారిన తాను పోయింది. గొంతులో గొట్టం వేశారు, ఫోన్లో మాట్లాడలేడు అన్నాడు ఓడ కంపెనీ ఏజెంటు. ఇరవై రోజులకి పోయాడన్నాడు. శవాన్ని తేవడం కుదరదని అక్కడే దహనం చేశారు. ఇక్కడ మేము ఫొటో పెట్టుకుని కర్మ చేసుకున్నాం.

పదకొండో రోజున ఆ దేశం నుంచి లావుపాటి కవరొకటి వచ్చింది. పోస్టుమాన్ చూపించినచోట సంతకం పెట్టి తీసుకున్నాను. మా పెద్దమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "చావు కబురు తెచ్చిన కాయితం గడప దాటకూడదే, చించి పారీ" అంది. మా వైపు దినం కార్డు వచ్చినా అంతే. బయటే చదివి, చించేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తాం. ఇది చదువుదామన్నా నాకు రాని భాష. విప్పకుండానే నాలుగు ముక్కలు చేసి పెరటిగోడ అవతల తుప్పల్లోకి విసిరేశాను.

ఈ వానాకాలంలో రెండో ఉత్తరం వచ్చింది, ఒంటి కాగితం. మా కిరాణా కొట్టాయన ఫోన్లో పెట్టి చదివాడు. రాసినావిడ పేరు పిలార్. రేవు దగ్గర చిన్న భోజనహోటలు నడుపుతుందట. "ఆసుపత్రిలో చివరిదాకా మీ తమ్ముడి పక్కన నేనే ఉన్నాను. ఆయన బూడిద నా వంటింటి అలమరలో ఉంది. మొదటి ఉత్తరానికి మీరు జవాబు ఇవ్వలేదు. ఏడాది నిండే రోజున సముద్రంలో కలుపుతాను. ఏదైనా సమస్య ఉందా?" అడుగున ఫోన్ నంబరు. ఏడాది నిండడానికి తొమ్మిది రోజులే ఉన్నాయి.

నాకు దాలి కావాలి. మా అమ్మానాన్నల బూడిద కలిపిన బారువ సముద్రంలోనే వాణ్ణీ కలపాలి. కొట్టాయన జవాబు కూడా ఫోన్లోనే కొట్టేస్తానన్నాడు. కానీ నేను ఏ ఇబ్బంది చెప్పినా ఫోను దాన్ని "సమస్య" అనే తిప్పి చదువుతోంది. మేము కాగితాన్నే గడప దాటనివ్వలేదు. ఆవిడేమో బూడిదనే ఏడాదిపాటు వంటింట్లో పెట్టుకుంది. అటువంటి మనిషికి యంత్రం చేత రాయించడానికి మనసొప్పలేదు. కొత్తపేటలో ఉంటున్న మా మేనమామ కూతురు భారతి వదినకి ఫోన్ చేస్తే, "ఇక్కడ నేర్పని భాష లేదొదినా, వచ్చీ" అంది.

దిల్‌సుఖ్‌నగర్: బోర్డుల కింద

మెట్రోలో ఒక స్టేషను ముందే దిగిపోయాను. తప్పు నాదే, జనం దిగుతుంటే నేనూ దిగాను. వానలో నడుస్తుంటే చెప్పు తెగింది. ఫుట్‌పాత్ మీద కుట్టినాయన ముప్ఫై రూపాయలు తీసుకున్నాడు. మా ఊళ్ళో పదికి కుడతారని గొణిగితే, "మీ ఊర్ల కిరాయి ఎంతమ్మా, మా ఊర్ల ఎంత?" అన్నాడు తలెత్తకుండా. చెప్పు తొడుక్కుని నడిచాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆకాశం కన్నా బోర్డులు ఎక్కువ. ఉద్యోగ పరీక్షలు, కంప్యూటర్ కోర్సులు, ఆడపిల్లల హాస్టళ్ళు. ప్రతి బోర్డు మీదా ర్యాంకులొచ్చిన పిల్లల ముఖాలు నవ్వుతూ తడుస్తున్నాయి. కింద నడిచే పిల్లల ముఖాల్లో ఆ నవ్వు లేదు. వీపున బ్యాగు, చేతిలో పదిహేను రూపాయల టీ, కళ్ళు ఫోన్లో. ఊరికాని ఊరొచ్చి ఇంతమంది ఒకేసారి బెంగగా తిరిగే చోటు నేను ఎక్కడా చూడలేదు.

స్పానిష్ నేర్పే చోటు సంచుల దుకాణం మీద రెండో అంతస్తులో ఉంది. పన్నెండు కుర్చీలు, ఒక తెల్లబోర్డు. నేర్పే అమ్మాయి పేరు రజిత. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఎక్కడో కంపెనీలో స్పెయిన్ వాళ్ళ ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగాల కోసం నేర్చుకుంటారట ఇక్కడి పిల్లలు.

"గంటసేపు కూసోండ్రమ్మా, క్లాసు అయిపోతది" అంది. వెనక కుర్చీలో కూర్చున్నాను.

బోర్డు నిండా ఒకే రకం మాటలు. ఫోన్ చేసేవాడు సుఖంగా ఉండి చెయ్యడు కాబట్టి ఈ పిల్లలు ముందుగా నేర్చుకునేవి కష్టాల పేర్లేనట. ప్రోబ్లేమా అంటే అన్నిటికీ పనికొస్తుంది, కానీ అన్నిటికీ అదే వాడితే మొద్దు అనుకుంటారు అంది రజిత. నడిచే దారికి అడ్డం పడేది ఒబ్‌స్తాకులో. చట్టమో నియమమో అసలు కుదరదని ఆపేస్తే ఇంపెదిమెంతో. ఆఫీసులో ఇయ్యాల రా, రేపు రా అని తిప్పడం త్రాబా. అనుకోకుండా వచ్చిపడి పని చెడగొట్టేది కొంత్రతియెంపో.

"పెండ్లికి టెంటు ఏసినంక వాన పడ్డదనుకోండ్రి. గది కొంత్రతియెంపో. టెంటోడే రాలేదనుకో, గది వేరే" అంది. పిల్లలు నవ్వారు. నాకు మా గ్రేడింగ్ బల్ల గుర్తొచ్చింది. కొత్తగా చేరినవాళ్ళకి అన్నీ జీడిపప్పులే. చెయ్యి తిరిగాక గానీ తేడా కనపడదు.

క్లాసయ్యాక ఉత్తరం ఆమె చేతికిచ్చి చెప్పాను, ఒక ఇబ్బంది వల్ల జవాబు ఇవ్వలేకపోయాం, మా తమ్ముడి బూడిద ఉంచమని రాయమ్మా అని.

"ఇబ్బంది అంటే ఏం ఇబ్బందమ్మా? ఇంతసేపు విన్నరు గదా."

"మొదటి ఉత్తరం అందలేదమ్మా" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! గొంతు కూడా తడబడలేదు.

"అట్లయితే కొంత్రతియెంపో సరిపోతది. మనం అవాంతరం అంటం చూడుండ్రి, అట్ల." ఉత్తరాన్ని ఫొటో తీసుకుంది. ఇంటికెళ్ళి మళ్ళా చదివి, రేపు రాసి పంపుదాం అంది. ఎంతమ్మా అని అడిగితే చెయ్యి అడ్డం పెట్టింది. "చావు కాడ పైసలు తీస్కోరమ్మా" అంది.

అవాంతరం. మెట్లు దిగుతూ ఆ మాట రెండుసార్లు అనుకున్నాను. ఎవరి తప్పూ లేని మాట, నాకు బాగా నచ్చింది.

కొత్తపేట: వదిన వంటిల్లు

భారతి వదిన ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్ళు. ఇంటి మాట మాత్రం టెక్కలి దాటలేదు. ఇంట్లో "ఏటొదినా" అంటుంది, గుమ్మం దగ్గర కూరగాయలవాడితో "గిదేంది, నిన్న గింత లేకుండె" అని బేరమాడుతుంది. రెండూ ఒకే ఊపిరిలో.

రైతుబజారుకి తీసుకెళ్ళింది. చింతచిగురు చూపించి ధర చెబితే నేను వెనక్కి అడుగేశాను. మా ఊళ్ళో అది చెట్టెక్కితే దొరికే సరుకు. అయినా కొంది, దాలికి ఇష్టమని. చింతచిగురు, ఎండు రొయ్యలు వేసి వండింది. ఆ కూర నేర్పమని రేవులో ఒకావిడ అడిగిందని, అక్కడ చింతచిగురు లేక నిమ్మకాయ పిండానని దాలి ఒకసారి ఫోన్లో చెప్పి పడీపడీ నవ్వాడు. హోటలావిడ అన్నాడంతే, పేరు చెప్పలేదు. రెండో ఉత్తరం వచ్చేదాకా ఆవిడే పిలార్ అని నాకు తెలియదు.

"వంటింట్లో ఎలా పెట్టుకుందొదినా? మైల కాదూ?" అంది వదిన, కంచం ముందుకు జరుపుతూ.

"వాడు వంటవాడు కదా" అన్నాను.

సరిగ్గా అప్పుడు రజిత ఫోన్. గొంతు మారింది.

"అమ్మా, ఉత్తరం మంచిగ చదివిన. మీ ఫోన్ యాప్ ఒక లైను మింగేసింది. మొదటిది రిజిస్టర్ పోస్టుల పంపిందట ఆమె. అందినట్టు సంతకం కాగితం వాపస్ పోయిందట. మీ ఇంటి పేరుతోనే ఉన్నదట. రేపు పొద్దుగాల గడ్డిఅన్నారం రండ్రి, మా ఇల్లు ఆడనే. మాట్లాడుదం."

అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాను. వదినకి కూడా నిజం చెప్పలేదు. ఆ రాత్రి పడుకున్నానే గానీ, సంతకం పెట్టిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గడ్డిఅన్నారం: మార్కెట్ లేని చోటు

పళ్ళ మార్కెట్ ఇక్కడే ఉండేదని దారిలో ఆటో అతను చెప్పాడు. ఎండాకాలంలో మామిడి వాసన ఎల్బీనగర్ దాకా కొట్టేదట. ఇప్పుడు మార్కెట్ ఊరవతలికి పోయింది. నాకు తడి సిమెంటు వాసన తప్ప ఏమీ తగల్లేదు.

రజిత నాన్న ఆ మార్కెట్లో బత్తాయిల దలాలీ చేసేవాడు. "మార్కెట్ పోయినంక గాయన గూడ సగం పోయిండు. పొద్దుగాల మూడింటికి లేస్తడు, ఎటు పోవాల్నో తెల్వక మళ్ల కూసుంటడు" అంది రజిత. వాకిట్లో కుర్చీలో ఒకాయన కూర్చుని వాన చూస్తున్నాడు. నన్ను చూసి తలాడించాడు.

లోపల చాప వేసి టీ ఇచ్చింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"సంతకం ఎవరిదమ్మా?"

"నాదే."

"మరి ఉత్తరం?"

"పోస్టాఫీసోళ్ళు..." అని మొదలెట్టాను. ఆమె కాగితం మీద త్రాబా అని రాసి నా ముఖంలోకి చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. అది కొట్టేసి, "అప్పుడు ఇంట్ల ఎవరికన్న బాగలేకుండెనా?" అంది. దానికీ తల అడ్డంగానే ఊపాను. "ఎవరన్న ఆపిన్రా? రాయొద్దన్నరా?" అంది. పెద్దమ్మ గొంతు చెవిలో వినిపించింది. కానీ చేతులు నావి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చింపించలేదు కదా. అదీ కాదన్నాను. కాగితం మీద కొట్టివేతలు పెరిగాయి, రాసినది ఒక్కటీ మిగల్లేదు.

"నానే చించేశానమ్మా" అన్నాను. "సదవలేదు. ఇప్పలేదు. సావు కబురని చించేశాను."

ఏడుపు ఆగలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల ముందు, పరాయి ఇంట్లో, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సిగ్గు కూడా వేసింది. రజిత నన్ను ఊరుకోమనలేదు. వాకిట్లోంచి వాళ్ళ నాన్న గొంతు వచ్చింది.

"మనింట్ల గూడ గంతే గద బిడ్డా. మీ తాత దినం కార్డులు ఎవలింట్ల ఉన్నయి ఇప్పుడు? చదివిండ్రు, చించిండ్రు. గామెది తప్పేముంది?"

"తప్పు అంటలేను నాయినా. ఏం రాయాల్నో చూస్తున్న." నా వైపు తిరిగింది. "అమ్మా, దీనికి ఆ భాషల నాకైతే మాట దొరుకుత లేదు. ఏది రాసినా గామెకు అబద్ధమే పోతది."

"మా జీడి ఫ్యాక్టరీలో ఏ గ్రేడులోకీ రాని పప్పు ఒక్కోటి వస్తాదమ్మా. దాన్ని కలిపెయ్యకూడదు. ఏరి పక్కన పెడతాం" అన్నాను. "పేరేటీ పెట్టకు. జరిగింది రాయి."

అప్పుడు కూర్చుని రాశాం. మొదటి మాట దగ్గరే పేచీ. వాళ్ళు పేరు పెట్టే పిలుస్తారట. ముఖం చూడని మనిషిని, అందులోనూ నా తమ్ముడికి చివర నీళ్ళు పోసిన మనిషిని, పిలార్ అని ఎలా పిలవను? అక్క అని రాయమన్నాను. వయసు తెలుసా అంది. తెలియదు. చెల్లెలైనా సరే, అక్క అనే రాయి అన్నాను. రాసింది.

"పిలార్ అక్కకి. మీ మొదటి ఉత్తరం అందింది. ఏ అడ్డంకీ రాలేదు, ఎవరూ ఆపలేదు. నేనే చించేశాను. మా ఇళ్ళలో చావు కబురు తెచ్చిన కాగితాన్ని లోపలికి రానివ్వరు. మీరు నా తమ్ముణ్ణే లోపల పెట్టుకున్నారు. నా తమ్ముడి బూడిద నాకు కావాలి. ఇంకా మీ దగ్గరే ఉంటే సముద్రానికి ఇవ్వకండి. నన్ను తిట్టాలనుంటే తిట్టండి."

చివరి వాక్యం అవసరమా అంది రజిత. ఉండనీ అన్నాను. ఫోన్లోంచి పంపింది. అందినట్టు రెండు గీతలు పడ్డాయని చూపించింది. అక్కడ ఇంకా తెల్లారలేదట.

వచ్చేటప్పుడు వాళ్ళ నాన్న లేచి రెండు బత్తాయిలు నా సంచిలో వేశాడు. "మార్కెట్‌వి కావు, బండి మీద కొన్నయే" అన్నాడు, అది నేరమైనట్టు.

ఎల్బీనగర్: బస్సు కోసం

మూడో రోజు సాయంత్రం బస్సు. మా వైపు వెళ్ళే బస్సులు ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఆగుతాయి. నిలబడే చోటని ఒకటి ఉండదు. పైన వంతెనలు, కింద బురద, మధ్యలో సామాన్లతో మనం. పక్కన ఒక కుటుంబం తవుడు బస్తాలా కట్టిన పరుపు మీద కూర్చుంది. గది ఖాళీ చేసి తుని వెళ్ళిపోతున్నారట. ఆ ఇంటాయన నాకు పల్లీలు పెట్టాడు. "వచ్చినప్పుడూ ఇక్కడే దిగామండి. తొమ్మిదేళ్ళు" అన్నాడు.

రజిత వచ్చింది, తడిసి ముద్దయి. ఫోన్ చేస్తే సరిపోయేది కదమ్మా అన్నాను.

"జవాబు వచ్చిందమ్మా. ఫోన్ల చెప్పబుద్ధి కాలే."

సముద్రంలో కలిపేసిందా అన్నాను. లేదు లేదు అని చెయ్యి పట్టుకుంది. వంతెన కింద పొడిచోటుకి జరిగి చదివి చెప్పింది.

"మీ మీద కోపం లేదంటున్నది. మా దగ్గర గూడ చావు జరిగితే అద్దాలకు గుడ్డ కప్పేటోళ్లు ఉన్నరు, నాకు సమజైతది అంటున్నది. బూడిద భద్రంగ ఉన్నదట. వచ్చే నెల విశాఖపట్నం ఆయన ఒకాయన ఓడ దిగి ఇంటికి పోతున్నడట, గాయన చేతికి ఇచ్చి పంపుతదట. మీ అడ్రసు ఇచ్చిందట."

నేను రెండు చేతులూ జోడించాను, ఎవరికో తెలియదు. దాలి వస్తున్నాడు. మూడు రోజుల్లో మొదటిసారి ఊపిరి లోపలిదాకా వెళ్ళింది. ఆ పల్లీలాయన కూడా మంచి కబురా అండి అని అడిగి నవ్వాడు.

రజిత నవ్వలేదు.

"ఇంకా ఉందా?" అన్నాను.

"ఉన్నదమ్మా." ఫోన్లో కిందికి జరిపింది. "ఆ మొదటి కవర్ల ఆమె రాసింది ఒక్క కాగితమేనట. కడమ నాలుగు కాగితాలు మీ తమ్ముడు రాసినయట. గొంతు లేదు గదా, మంచం మీద కూసోని రెండు దినాలు రాసిండట. మీ అక్షరాలల్లనట, అంటే తెలుగుల."

బస్సు ఏదో హారన్ కొట్టింది. నాది కాదు.

"నా కాగితం చించినందుకు బాధ లేదు, గది చావు కబురే అంటున్నది. మీ తమ్ముడి కాగితాలు మాత్రం ముందుగాలనే తీసి దాచి ఉంటరు గదా అంటున్నది. ఆయన రాస్తుంటే పక్కనే కూసున్నదట. ఒక్క కాడ నవ్విండట, ఒక్క కాడ ఏడ్చిండట. ఏం రాసిండో ఏడాది సంది తలుసుకుంటున్నదట. మీకు ఇబ్బంది లేకుంటే అండ్ల ఏమున్నదో నాకు గూడ జర చెప్పుండ్రి అని రాసింది."

కవరు లావుగా ఉందని నాకు ఆ రోజే తెలుసు. చించడానికి బలం పట్టింది. ఒకసారి చిరగక రెండోసారి లాగాను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ చిరుగు నా వేళ్ళకి తెలుస్తూనే ఉంది.

"ఏం పెట్టాలెమ్మా?" అంది రజిత. నా బస్సు వచ్చింది. సంచి పట్టుకుని ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే ఆ పిల్ల ఇంకా ఫోన్ పట్టుకుని వంతెన కిందే నిలబడి ఉంది.

పలాస

దిగి సంచి గుమ్మంలో పెట్టి సరాసరి పెరటిగోడ దగ్గరికి వెళ్ళాను. పిచ్చిదాన్ని. ఏడాది వానలకి కాగితం ఉంటుందా? అసలు తుప్పలే లేవు. పక్కింటివాళ్ళు ఎండాకాలంలో కొట్టించి, బండలు పరిచి, బట్టల తాడు కట్టుకున్నారు. వాళ్ళావిడ దుప్పటి ఆరేస్తూ, "ఏటక్కా, ఏటైనా పడిపోయిందా?" అంది. లేదన్నాను.

ఇవాళ్టికి నాలుగు రోజులు. రజిత రెండుసార్లు ఫోన్ చేసింది, తియ్యలేదు. బోర్డు మీద ఆ పిల్ల రాసిన మాటలన్నీ ఒక్కొక్కటీ తీసి చూసుకున్నాను. పిలార్‌కి చెప్పాల్సింది ఒక్కటే, దాచలేదు అని. అది చెప్పడానికి స్పానిష్ కూడా అక్కర్లేదు.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని ఉంటే పెద్దమ్మ పక్కకి వచ్చి చతికిలబడింది. ఎనభై రెండేళ్ళు ఆవిడకి. అమ్మ పోయాక దాలిని ఒళ్ళో పెట్టుకుని పెంచింది ఆవిడే. చించి పారీ అన్నదీ ఆవిడే.

"మన దాలి వస్తన్నాడా?"

"వస్తన్నాడు పెద్దమ్మా. వచ్చే నెల."

"మరేటే, మెతుకు ముట్టవు? ఏటి ఇబ్బంది?"

ఆవిడ కళ్ళలోకి చూశాను. పొర కమ్మి, తడిగా, నా జవాబు కోసం చూస్తున్నాయి.

"ఏటీ లేదు పెద్దమ్మా" అన్నాను, అన్నం కలుపుకుంటూ. "చిన్న ఇబ్బంది."